ఉల్టా సీదా రఖమాబాయి

రఖమాబాయి ఇరవై రెండేళ్లు ఒకే రైలెక్కి బడికి పోయింది. పొద్దున నాందేడ్‌లో ఎక్కి హిమాయత్‌నగర్‌లో దిగేది, సాయంత్రం అక్కడ ఎక్కి నాందేడ్‌లో దిగేది. ఆడవాళ్ల డబ్బాలో ఎడమ వైపు మూడో కిటికీ ఆమెది. టికెట్ మీద రాసి లేదు, రైల్వే వాళ్లు ఇచ్చిందీ కాదు. అయినా ఆమె సెలవు పెట్టిన రోజు కూడా అక్కడ కూర్చోబోయే మనిషి ఒకసారి తలుపు దిక్కు చూసి గానీ కూర్చునేది కాదు.

జిల్లా పరిషత్ బడిలో ఆమె లెక్కలు చెప్పేది. మనిషి పొట్టి, గొంతు గట్టి. మరాఠీ బళ్లలో పంతులమ్మను "బాయీ" అనే పిలుస్తారు కాబట్టి పిల్లలకూ, వాళ్ల తల్లిదండ్రులకూ, రైల్లో వాళ్లకూ ఆమె బాయే. భర్త శంకర్రావు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఒక్కతే బిడ్డ దీపాలి, పెళ్లయి లాతూర్‌లో ఉంది. చెప్పుకోదగ్గ కష్టాలు లేని సంసారం. అయితే ఆమెకొక విద్య ఉండేది. ఆ విద్యే ఆమెను రైల్లో రాణిని చేసింది, ఆ విద్యే చివరికి తలదించుకునేట్టు చేసింది.

ఎటు నుంచి చదివినా మారని మాటలను ఆమె ఏరి పట్టుకునేది.

అది ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు అంటుకుంది. హిమాయత్‌నగర్ పక్క పల్లెలో వాళ్లది పత్తి పండించే ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతకు పోతే దక్కనీ ఉర్దూ. మూడో తరగతిలో ఒకరోజు పక్క పిల్లతో మాట్లాడిందని గురూజీ ఆమెను రెండు దెబ్బలు వేసి గోడకు మొహం పెట్టి నిలబెట్టాడు. ఏం చెయ్యాలో తోచక ఆ పిల్ల తనకు తెలిసిన మాటలన్నీ మనసులో వెనక నుంచి చదివింది. గోడ "డగో" అయింది. పలక "కలప" అయింది. అది బాగానే ఉంది, ఒక మాటలోంచి ఇంకో మాట ఊడిపడింది. తర్వాత తనను మాట్లాడించి దెబ్బలు తప్పించుకున్న పక్క పిల్ల పేరు గుర్తొచ్చింది. నయన. వెనక నుంచి చదివితే మళ్లీ నయనే. రెండోసారి చదివినా అంతే. గోడకు మొహం పెట్టుకుని ఆ పిల్ల కిసుక్కున నవ్వింది, దానికి ఇంకో రెండు దెబ్బలు పడ్డాయి. ఆ రోజు నుంచి ఆమె అలాంటి వాటిని "తిరగని మాటలు" అని పిలుచుకుంటూ ఏరుకుంది. అందరికీ మట్టుకు అది "బాయి ఉల్టా సీదా".

తన పేరు మాత్రం తిరిగిపోతుంది. రఖమా అంటే వెనక నుంచి "మాఖర". నయన అనే పేరు మీద ఆమెకు ఆనాడు పుట్టిన మంట ఎన్నడూ పూర్తిగా చల్లారలేదు.

రైల్లో రోజుకొక మాట చెప్పేది. బండి ముద్‌ఖేడ్ దాటగానే పోస్టాఫీసులో పనిచేసే గంగుబాయి మొదలుపెట్టేది. "ఇయ్యాల ఏం మాట తెచ్చినవ్ బాయీ?" రఖమాబాయి వెంటనే చెప్పేది కాదు. కళ్లద్దాలు తుడుచుకునేది, నీళ్లు తాగేది, కిటికీలోంచి చూసేది. డబ్బా అంతా ఎదురుచూస్తోందని రూఢి చేసుకుని, అప్పుడు, "పులుపు" అనేది. అందరూ వేళ్ల మీద అక్షరాలు పెట్టుకుని వెనక నుంచి లెక్కపెట్టేవాళ్లు. "అవునే! పులుపే!" ఇంకో రోజు "నందనం". మరాఠీ వాళ్ల కోసం "నవజీవన". ఒక మాట దొరకడానికి ఆమె ఆదివారమంతా నిఘంటువు తిరగేసేదని ఎవరికీ తెలియదు. అప్పటికప్పుడు నోట్లోంచి రాలినట్టే చెప్పేది.

కనక ఆ డబ్బాలోకి వచ్చింది మూడేళ్ల కింద, వానలు తగ్గుతున్న రోజుల్లో.

కనకది గోకుంద అనే ఊరు. పెళ్లయి నాందేడ్ వచ్చింది. భర్త పత్తి మిల్లులో మూటలు మోస్తాడు. ఆమె పిన్నులు, రబ్బర్లు, దువ్వెనలు, బొట్టుబిళ్లలు ఒక ఇనుప రింగుకు గుత్తులుగా తగిలించుకుని రైల్లో, ఊళ్లలో అమ్ముతుంది. చదువు ఏడో తరగతి. అప్పటికి వయసు ముప్పై నాలుగు. ఎత్తు మనిషి, నవ్వితే పై చిగుళ్లు కనబడతాయి. అంతకుముందు వేరే డబ్బాల్లో తిరిగేది. ఆ ఏడాది ఈ డబ్బాకు మారింది.

ఆ పొద్దున రఖమాబాయి తెచ్చిన మాట "కునుకు". సరిగ్గా అప్పుడే గంగుబాయి కూర్చున్న చోటే జోగుతోంది, కాబట్టి మాట బాగా పేలింది. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. తలుపు దగ్గర సరుకు సర్దుకుంటున్న కనక తల తిప్పి అడిగింది.

"ఏందక్కా, ఏమైంది?"

ఒకామె ఆట చెప్పింది. ముందు నుంచి చదివినా, వెనక నుంచి చదివినా ఒకటే ఉండాలె, గంతే అని.

కనక ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "గట్లనా? అయితే 'రాజా రా' గూడ గంతే గదా. రా, జా, రా." ఇంకో దువ్వెన రింగుకు తగిలిస్తూ అంది, "'పోరా పో' గూడ."

డబ్బా ఒక్కసారిగా గొల్లుమంది. గంగుబాయి కునుకు ఎగిరిపోయింది. "రాజా రా! పోరా పో!" అని పిల్లలు కేకలు పెట్టారు. చెప్పిన మనిషికి అది వింతగా లేదు. ఆమె మళ్లీ తన పిన్నుల్లో పడింది.

రఖమాబాయి కూడా నవ్వింది. నవ్వు మొహం మీదే ఉంది. యాభై ఏళ్లుగా తాను ఏరుకున్నవన్నీ పుస్తకాల్లో పడుకున్న మాటలని ఆమెకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఈ పిల్లవి బజార్లో నడుస్తున్న మాటలు. ఎవరైనా ఎవరినైనా పిలిచేవి, ఎవరైనా ఎవరినైనా తరిమేవి. తన నోటికి అవి రోజూ వచ్చేవే. ఒక్కనాడూ చెవికి తగల్లేదు.

"బాగుంది," అంది. "నీ పేరేంది?"

"కనక."

క, న, క. రఖమాబాయి కిటికీ దిక్కు తిరిగింది.

ఆ తర్వాత నెల రోజులు ఆమెకు తిండి సహించలేదంటే అతిశయోక్తి కాదు. ఆదివారాలు నిఘంటువుతో చాలక, పొద్దున టీ తాగేప్పుడు, పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య కూడా మాటలు తిప్పుతూ కూర్చునేది. తెచ్చినవి కొత్తవే. "మధ్యమ" తెచ్చింది, మరాఠీలో "సమాస" తెచ్చింది. డబ్బాలో వాళ్లు మర్యాదకు "వా బాయీ" అనేవాళ్లు. అని తలలు తలుపు దిక్కు తిప్పేవాళ్లు. "కనకా, నీదేంది?"

కనక అమ్ముకుంటూ అమ్ముకుంటూనే చెప్పేది. ఒకరోజు ఒకామె పిన్నులు కావాలని పిలిచి, రంగు బాలేదని పొమ్మని, మళ్లీ పిలిచింది. కనక ఆమె ముందు నడుమ్మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "నీ తీరు చూస్తే అక్కా, 'రావే రా, పోవే పో, రావే రా' అన్నట్టుంది. ఇగో, వెనక నుంచి చదువుకో, గిదే అస్తది." డబ్బా అంతా వేళ్లు మడిచి లెక్కపెట్టింది. తొమ్మిది అక్షరాలు, ఒక్కటి కూడా తప్పలేదు. పిన్నులు వద్దన్నామె సిగ్గుపడి రెండు అట్టలు తీసుకుంది.

శంకర్రావు ఆ రోజుల్లో పెళ్లాం మొహం చూసి అడిగాడు, "బడిల ఏమన్న అయిందా?"

"ఏం కాలే."

"మరి గట్లెందుకున్నవ్?"

రఖమాబాయి పప్పులో చెంచా తిప్పింది. పిన్నులు అమ్మే మనిషి మీద కుళ్లుకుంటున్నానని ఏ నోటితో చెబుతుంది? ముప్పై ఏళ్ల సర్వీసు, జిల్లా నుంచి ఒక ప్రశంసాపత్రం, గోడకు ఫ్రేము కట్టి. ఆ ఫ్రేము కింద కూర్చునే ఆమె కుళ్లుకుంటోంది. రాత్రి పడుకుంటే కాదు, పొద్దున తల దువ్వుకుంటుంటే ఎక్కువ గుర్తొచ్చేది. ఎందుకంటే ఆ దువ్వెన కనక దగ్గర కొన్నదే.

అప్పుడు ఆమెకొక ఉపాయం తోచింది. మాటల్లో ఆ పిల్లను పట్టలేం. అంకెల్లో పట్టొచ్చు. అంకెలు తన సొంత ఇలాకా.

మరునాడు డబ్బాలో ప్రకటించింది. "మాటలు చాలు. ఇయ్యాల అంకెలు. ఏ అంకె అయినా తీసుకోండ్రి. దాన్ని తిప్పి రాయండ్రి. రెండూ కలపండ్రి. వచ్చిన దాన్ని మళ్ల తిప్పి కలపండ్రి. గట్ల చేస్తపోతే ఎక్కడ్నో ఒకచోట తిరగని అంకె అస్తది. గంగుబాయీ, నీ వయసెంత?"

"యాభై తొమ్మిది. ఇంకొక్క ఏడాది ఉద్యోగం."

రఖమాబాయి నోటు పుస్తకం తీసి రాసి చూపింది. 59కి 95 కలిపితే 154. దానికి 451 కలిపితే 605. దానికి 506 కలిపితే 1111. నాలుగు ఒకట్లు వరసగా నిలబడేసరికి గంగుబాయి తన వయసును చూసి మురిసిపోయింది. డబ్బా మళ్లీ మూడో కిటికీ చుట్టూ చేరింది. అందరూ వయసులు చెప్పారు, ఇంటి నంబర్లు చెప్పారు. రఖమాబాయికి ఒళ్లు తేలికైంది. తన వయసు కూడా చేసి చూపింది. 57, 132, 363. రెండు మెట్లు.

"నాది ముప్పై నాలుగు బాయీ," అంది కనక. కాగితం అడగలేదు. పెదాలు కదిలాయి, అంతే. "డెబ్బై ఏడు. ఒక్కటే మెట్టు!"

అందరూ చప్పట్లు కొట్టారు, ఆమె ఏదో సాధించినట్టు. వయసు ముప్పై నాలుగు కావడంలో ఆమె గొప్పేముంది? రఖమాబాయి పంటి కింద పెదవి నొక్కుకుంది. కనక అంతటితో ఆగలేదు. పక్కామె ఇచ్చిన అంకెను నోటితోనే మూడు మెట్లు ఎక్కించింది. ఇంకొకామెది అయిదు మెట్లు. వారం తిరిగేసరికి డబ్బాలో వాళ్లు అంకెలు కూడా ఆమెకే ఇస్తున్నారు. ఆమె పదిరూపాయల గీతల పుస్తకం ఒకటి కొనుక్కుని రింగుకు పక్కన సంచిలో పెట్టుకుంది.

ఆ శనివారం రఖమాబాయి 196 ఇచ్చింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పదిహేనేళ్ల కింద నాందేడ్‌లో లెక్కల పంతుళ్లకు శిక్షణ జరిగింది. అక్కడ సంగన్న సర్ అనే ముసలాయన బోర్డు మీద 196 రాసి, సుద్దముక్క కింద పెట్టేశాడు. "దీన్ని తిప్పి కలుపుకుంట పోతే కొస ఉందో లేదో లోకంల ఎవ్వరికీ తెల్వదు. పెద్ద పెద్ద కంప్యూటర్లు ఏండ్ల తరబడి తిప్పినై. ఇప్పటిదాక రాలే," అన్నాడు. రఖమాబాయికి ఆ మాట బాగా గుర్తుంది. గుర్తుండే ఇచ్చింది.

"ఇదొకటి చెయ్యి కనకా," అంది, గొంతు మెత్తగా చేసుకుని. "జెర ఓపిక గావాలె. పదో మెట్టో, ఇరవయ్యో మెట్టో, అస్తది."

"అస్తదా బాయీ?"

"రాకపోతే ఎందుకిస్త?"

కనక సోమవారం మొదలుపెట్టింది. 887. 1675. 7436. అమ్మకం మధ్యలో, బండి ఆగిన చోటల్లా, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని కలిపేది. అంకె పెరుగుతూ పోయింది. డబ్బాలో వాళ్లకు మొదట నవ్వు, తర్వాత ఆసక్తి, ఆపైన పట్టుదల పుట్టింది. పొద్దున ఎక్కుతూనే, "ఎంత దాక అచ్చింది?" అని అడిగేవాళ్లు. సీటు ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లు. హిమాయత్‌నగర్ ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు ప్రణాలి ఒక మంచి పెన్ను తెచ్చిచ్చింది. పన్నెండో మెట్టు తర్వాత 111589511 వచ్చినప్పుడు, ముందు మూడు ఒకట్లు చూసి అంతా లేచి నిలబడ్డారు. వెనక అయిదు చూసి ఉసూరుమన్నారు.

రఖమాబాయి పన్నిన వల చూస్తుండగానే పల్లకీ అయి కూర్చుంది. ఓడిపోయి అలిసిపోవలసిన మనిషి చుట్టూ అందరూ గుమిగూడుతున్నారు. ఎడమ వైపు మూడో కిటికీ దగ్గర ఇప్పుడు రఖమాబాయి, ఆమె టిఫిన్ డబ్బా, అంతే.

గురువారం సాయంత్రం బండి భోకర్ దగ్గరకొస్తోంది. కనక 454050344 రాసి, కింద 443050454 రాసింది. రఖమాబాయి ఎదురు సీట్లోకి జరిగి కూర్చుంది. దగ్గర్నుంచి చూడాలని ఆమెకే తెలియని కోరిక. కనక కుడి నుంచి కలుపుతూ వచ్చింది. ఎనిమిది. తొమ్మిది. ఏడు. సున్నా. తర్వాత నడిమధ్యలో అయిదూ అయిదూ పది.

సరిగ్గా అప్పుడు ఒకామె భుజం తట్టింది. "జడ రబ్బర్లు ఉన్నయా, నల్లయి?"

కనక సున్నా రాసి, లేచి, రబ్బర్లు ఇచ్చి వచ్చి కూర్చుంది. చేతిలో పట్టవలసిన ఒకటిని పట్టలేదు. తర్వాతి గడిలో సున్నా, ఏడు, తొమ్మిది, ఎనిమిది రాసుకుంటూ పోయింది. రాశాక చూసుకుంది. మళ్లీ చూసుకుంది. పుస్తకం ప్రణాలికి ఇచ్చింది.

897000798.

ప్రణాలి వెనక నుంచి పైకి చదివింది. "ఎనిమిది, తొమ్మిది, ఏడు, సున్నా, సున్నా, సున్నా, ఏడు, తొమ్మిది, ఎనిమిది... ఆంటీ!"

డబ్బా లేచిపోయింది. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఎగిరారు. గంగుబాయి భోకర్ స్టేషన్‌లో దిగి వేడి వేడి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకొచ్చి అందరికీ పంచింది. కనక కళ్లలో నీళ్లు. "బాయీ, మీరన్నట్టే అచ్చింది! పదారో మెట్టు!" అని రఖమాబాయి చేతులు రెండూ పట్టుకుంది.

రఖమాబాయి చేతిలో బజ్జీ ఉంది, మింగబుద్ధి కాలేదు. ఆ పోయిన ఒకటి ఆమెకు రాసేటప్పుడే కనబడింది. నిజానికి 897100798 రావాలి. ఒక్క మాట అంటే చాలు. కానీ ఆమె అనలేదు. జాలి కాదు. పది మందిలో పట్టుకుంటే పది మందే చూస్తారు. రేపటికి ఈ సంగతి బండి బండంతా పాకుతుంది, అప్పుడు చెప్తే... అక్కడిదాకా ఆలోచించి తన ఆలోచనకు తానే కొంచెం బెదిరింది. అయినా మాట్లాడలేదు. "శాబాస్," అంది. ఇంటికొచ్చి కొంచెం అన్నం ఎక్కువే తింది.

శుక్రవారం పొద్దున ప్రణాలి ఫోను పట్టుకుని పరుగెత్తుకుంటూ ఎక్కింది.

"ఆంటీ! లయ్ భారీ, మస్తు ఆంటీ! వీడియో చేసి పెడదామని ఈ నంబరు ఏందో వెతికిన. ఏం రాసి ఉన్నదో తెలుసా? దీనికి జవాబు ప్రపంచంల ఎవ్వరికీ దొరకలేదంట! కంప్యూటర్లు కోట్ల అంకెల దాక పోయినయంట, అయినా రాలేదంట! మన కనక ఆంటీ పదారు మెట్లల్ల తెచ్చింది!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్క డబ్బా వాళ్లు కూడా తొంగి చూసేంత గోల. "పేపరోళ్లను పిలవాలె!" "కలెక్టర్ దగ్గరికి తీస్కపోవాలె!" ఎవరో కనక మెడలో ఆమె అమ్మే రిబ్బన్లనే దండలా వేశారు. కనక సిగ్గుతో ఎర్రబడి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. ప్రణాలి ఫోను ఎత్తి, "ఒక్కసారి చెయ్యి తియ్యండ్రి ఆంటీ, మొత్తం మహారాష్ట్ర చూస్తది," అంది.

మొత్తం మహారాష్ట్ర. రఖమాబాయి చెవుల్లో ఆ మాట వేడి నూనెలా పడింది. తాను లేచి నిలబడటం ఆమెకే తెలియలేదు.

"తప్పు!" అని అరిచింది. "తప్పది! ఒకటి మర్చిపోయింది! అయిదూ అయిదూ పది, చేతిల ఒకటి ఏది? నడుమ ఒకటి రావాలె! నేను నిన్ననే చూసిన! ఆ అంకెకు కొస లేదని నాకు పదిహేనేండ్ల నుంచి ఎరుకే. గొప్ప గొప్పోళ్లు తేలేంది, పిన్నులమ్ముకునేది నాలుగు రోజుల్ల తెస్తదా?"

ప్రణాలి ఫోను మెల్లగా దించింది.

కనక పుస్తకం తెరిచింది. గోరుతో గడి గడి తడుముకుంటూ వచ్చింది. మధ్యకొచ్చి ఆగింది. "అవును," అంది. "ఒకటి పోయింది. బాయి చెప్పింది నిజమే."

"అయ్యో," అన్నారెవరో. గంగుబాయి మట్టుకు కనక దిక్కు చూడలేదు, రఖమాబాయి దిక్కే చూస్తోంది. "నీకు ఎరుకనా బాయీ? ఇచ్చిననాడే ఎరుకనా? అస్తదంటివి గదా?"

రఖమాబాయి మళ్లీ సీట్లో కూర్చుంది.

కనక మెడలోంచి రిబ్బన్లు ఒక్కొక్కటి తీసి, చుట్ట చుట్టి, సంచిలో పెట్టుకుంది. ఇన్ని రోజులూ "మీరు" అన్న మనిషి, తల ఎత్తి, "ఎరుకుండే ఇచ్చినవా?" అంది. "రొట్టెలు చేసుకుంట గూడ అదే కలుపుకున్న నేను. అస్తదని నువ్వన్నవ్ గదా అని."

ముద్‌ఖేడ్‌లో బండి ఆగగానే ఆమె రింగు భుజానికి తగిలించుకుని దిగి, వేరే డబ్బాకు పోయింది.

తర్వాత ఎవరూ రఖమాబాయిని ఏమీ అనలేదు. అంటే బాగుండేది. గంగుబాయి రోజూ పలకరించేది, జరిగి చోటిచ్చేది. "ఇయ్యాల ఏం మాట?" అని మాత్రం అడగలేదు. రఖమాబాయే ఒకరోజు ఆగలేక "గురుగు" అంది, కిటికీలోంచి చేలో కనబడ్డ ఆ ఆకుకూర చూసి. ఒకామె "మంచిగున్నది బాయీ" అని మళ్లీ ఫోన్లో తల పెట్టుకుంది. బండి ఆగినప్పుడల్లా పక్క డబ్బాలోంచి నవ్వులు వినబడేవి. వాటి మధ్య కనక గొంతు. కుళ్లు పోతుందనుకుంది రఖమాబాయి, పోలేదు. దాని పక్కన సిగ్గు కూడా వచ్చి కూర్చుంది, రెండూ ఇరుకిరుగ్గా.

ఒక ఆదివారం మధ్యాహ్నం శంకర్రావుకు మొత్తం చెప్పేసింది. ఆయన ఫ్యాను రెక్క తుడుస్తూ విన్నాడు. బల్ల దిగి, గుడ్డ దులిపి అడిగాడు.

"గా పిల్ల నీకేం జేసింది?"

"ఏం జెయ్యలే."

"మరి?"

"నాకు రానిది దానికి అచ్చింది."

అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది, ఆ మాట అంత చిన్నగా ఉన్నందుకు. శంకర్రావు టీ పెట్టుకొచ్చాడు. ఆ సాయంత్రమే ఆమె కొత్త పుస్తకం ఒకటి తీసి మొదటి పేజీలో 196 రాసింది. ఎందుకు రాసిందో అడిగితే చెప్పలేకపోయేది. కనక ఎక్కలేని మెట్లు తాను ఎక్కాలనో, లేక తాను పెట్టిన శిక్ష ఎంత బరువో మోసి చూడాలనో. 887, 1675, 7436. పదారో మెట్టు దగ్గర మధ్యలో ఒకటి జాగ్రత్తగా పట్టి రాసింది. అక్కడి నుంచి ముందుకు పోయింది. అంకె గీత మీద చాలక పుస్తకం అడ్డం తిప్పింది. కలపడం, తిప్పడం, సరిచూడటం. చిత్రమేమిటంటే, ఆ గంటసేపు ఆమెకు ఎవరూ గుర్తు రాలేదు.

మరుసటి ఏడాది ఆమె రిటైరయింది. బడిలో శాలువా కప్పారు, స్టీలు బిందె ఇచ్చారు. ఆఖరి రోజు సాయంత్రం నాందేడ్ స్టేషన్‌లో దిగి, బిందె చంకన పెట్టుకుని మెట్ల వంతెన దిక్కు పోతుంటే టీ బండి దగ్గర కనక కనబడింది. గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది, రింగు భుజాన. రఖమాబాయి ముందుకే పోయింది, నాలుగు అడుగులు వేసి ఆగింది, మళ్లీ వెనక్కొచ్చింది.

"కనకా."

కనక చూసింది. టీ ఇంకో గుటక తాగింది.

"నాది తప్పయింది," అంది రఖమాబాయి. "నాకు కుళ్లు పుట్టి ఇచ్చిన. నువ్వు గెలిచినవనుకున్ననాడు గూడ కుళ్లే."

"తప్పే బాయీ," అంది కనక. సర్ది చెప్పలేదు, పర్లేదనలేదు. "నాకింకా కోపం పోలే. మా ఆయన గూడ నవ్విండు నన్ను చూసి. ఏడో తరగతి దానివి నీకెందుకే గీ లెక్కలని."

రఖమాబాయి తల దించుకుంది. చంకలో బిందె జారితే సర్దుకుంది. ఇంక పోదామని తిరగబోతుంటే కనక గొంతు వినబడింది.

"ఇడిసిపెట్టలే గని నేను. పదారు కాడికెల్లి మళ్ల మొదలువెట్టిన. నలభై రెండో మెట్టు మీదున్న."

రఖమాబాయి తిరగబోయినదల్లా ఆగింది. "నేను ముప్పై తొమ్మిది," అంది.

ఈసారి ఆశ్చర్యపోవడం కనక వంతు అయింది. గ్లాసు టీ బండి మీద పెట్టేసింది. "మీరు గూడనా?" ఆ "మీరు" ఆమెకు తెలియకుండానే వచ్చింది. సంచిలోంచి పుస్తకం తీసింది. నాలుగోదో అయిదోదో, అట్ట చిరిగి ఉంది. రఖమాబాయి కూడా తన చేతిసంచిలోంచి తీసింది. ఇద్దరూ బిందెను బోర్లించి, దాని మీద రెండు పుస్తకాలూ పెట్టుకుని, ప్లాట్‌ఫారమ్ మీద వంగి, ముప్పై తొమ్మిదో మెట్టు పక్కపక్కన సరిచూసుకున్నారు. అంకె అంకెకూ సరిపోయింది. పక్కనుంచి పోయేవాళ్లు ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నారేమో అని చూసి పోయారు.

"అస్తదంటరా బాయీ?" అంది కనక లేస్తూ.

"తెల్వదు," అంది రఖమాబాయి. "ఈసారి నిజంగనే తెల్వదు."

ఇప్పుడు కనక నెలకొక ఆదివారం రఖమాబాయి ఇంటికి వస్తుంది. మనసు విప్పి మాట్లాడుకునేంత స్నేహమేమీ కాదు. పుస్తకాలు సరిచూసుకుంటారు, శంకర్రావు చేసిన టీ తాగుతారు, కనక పోతుంది. కోపం పోయిందో లేదో రఖమాబాయి అడగదు. మొన్న ఆదివారం కనక ఎనభై ఎనిమిదో మెట్టు చూపించింది. రైల్లో తిరుగుతూ, అమ్ముకుంటూ, నిలబడి చేసిన లెక్క అది. ఇంట్లో కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద, కళ్లద్దాలు పెట్టుకుని చేసిన రఖమాబాయిది ఎనభై అయిదు.

"మంచిగ చేసినవ్," అని గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. తలుపు వేసింది. తిన్నగా బల్ల దగ్గరకొచ్చి పుస్తకం తెరిచింది.

"అన్నం తిందాం రా," అని లోపలి నుంచి శంకర్రావు పిలిచాడు.

"నువ్వు తిను," అంది ఆమె, పెన్ను మూత తీస్తూ. "నేను మూడు మెట్లు వెనకున్న."